దడి కింద పిలకలు

మా పెరట్లో రెండు అరటి పిలకలుండేవి. వాటికి నేను చేసినంత సేవ కన్న బిడ్డలకి కూడా చెయ్యలేదు. బడిలో పిల్లల వంట ముగించి ఇంటికి రాగానే, చీర ఎగదోపుకుని ముందు వాటి దగ్గరికే వెళ్ళేదాన్ని. మాగిన పేడ గెత్తం వేశాను. పొయ్యిలో బూడిద చల్లాను. బియ్యం కడిగిన నీళ్ళు, చేపలు కడిగిన నీళ్ళు, వేరుశనగ చెక్క నానబెట్టిన నీళ్ళు, ఒకటేమిటి, అన్నీ పోశాను. మొదళ్ళ దగ్గర మట్టి గుల్ల చేసి ఎండాకులు కప్పాను. అయినా ఆ రెండూ మోకాలెత్తు దాటలేదు. ముఖం మాడ్చుకుని ఉన్నచోటే ఉన్నాయి.

"తిన్నదంతా ఎక్కడికి పోతన్నాదే మీకు?" అని ఒకరోజు గట్టిగానే తిట్టాను.

మా ఆయన అప్పలసూరి అరుగు మీద కూర్చుని నవ్వాడు. "తిడితే మొక్కలెదుగుతాయేటే?"

"ముప్పయ్యేళ్ళబట్టి నిన్ను తిడతన్నాను. బాగానే ఎదిగినావు కదా మావా," అన్నాను ఆయన పొట్ట వైపు చూసి. ఆయన తువ్వాలు కిందికి లాక్కున్నాడు.

అవి మామూలు పిలకలైతే నేనూ పట్టించుకోను. చీపురుపల్లి సంతకి వెళ్తే కావలసినన్ని దొరుకుతాయి. ఇవి మా అత్త దాలమ్మవి. శ్రీకూర్మం దగ్గర తన పుట్టింటి నుంచి, కాపరానికి వచ్చేటప్పుడు తెచ్చుకుందట. ఆ రకం పేరేమిటో ఎవరికీ తెలీదు, మేం 'అత్త అరటి' అంటాం. కాయ పొట్టి, తొక్క మందం, పండితే కాస్త పులుపు తగిలే తీపి. గెలలో ఒక్క హస్తం పండినా ఇల్లంతా వాసనే. పెరటి నిండా దుబ్బులుండేవి. పోయినేడాది అక్టోబరులో వచ్చిన తుఫానుకి అన్నీ బురదలో పడిపోయాయి, నీళ్ళు నిలిచి దుంపలు కుళ్ళిపోయాయి. ఒక్క దుబ్బు బతికింది. అది బతికిన చోటైనా సరైన చోటా అంటే, కాదు. సరిగ్గా దడి దగ్గర. తల్లి చెట్టు దడికి అటుపక్క, పిలకలు రేకుల కింద నుంచి దూరి ఇటుపక్క.

అటుపక్క ఉండేది నా తోటికోడలు దుర్గాభవాని, మా మరిది తిరుమలరావు పెళ్ళాం. ఏళ్ళ తరబడి ఇద్దరం ఒక పొయ్యి మీద వండుకున్నవాళ్ళమే. అత్తకి తుంటి విరిగి మంచాన పడినప్పుడు, ఆ మంచం భవాని వాళ్ళ గదిలో వేశారు. ఏడాది పాటు ఆ మంచం మీదే ఉండి, రెండేళ్ళ కిందట పోయింది. దశదినం నాడు చుట్టాలందరి ముందూ భవాని ఒక మాట అంది.

"అక్కకేటి? డబ్బాలో కూరట్టుకొచ్చి, గుమ్మంలో నిలబడి సూసీసి ఎల్లిపోయీది. ఎత్తినదాన్ని నాను, కడిగినదాన్ని నాను."

నేనూరుకుంటానా? "ఇంట్లో కూకున్నదానివి, నీకదే పని కదేటే!" అనేశాను.

అంతే. నెల తిరక్కుండా ఇల్లు రెండు వాటాలైంది. పెద్దమనుషులు వచ్చి టేపు పెట్టి పెరడు కొలిచారు, మధ్యలో రేకుల దడి లేచింది. అన్నదమ్ములిద్దరూ రోజూ ఒకే కొట్లో టీ తాగుతారు, ఒకరి బీడీ ఒకరు వెలిగించుకుంటారు. మాటల్లేనిది మా ఇద్దరికే. ఆ రేకులు నేలకి జానెడు ఎత్తులో ఉంటాయి. కింద నుంచి భవాని పాదాలు కనిపిస్తాయి, మెట్టెలతో సహా. రెండేళ్ళబట్టి నేను చూసింది ఆ పాదాలనే.

ఆషాఢంలో ఆ తల్లి చెట్టు గెల కోశారు. భవాని సగం గెల తువ్వాల్లో చుట్టి తిరుమలరావుతో పంపించింది. "మాకొద్దు, గెలున్నోళ్ళనే తినమను," అని తలుపేసుకున్నాను. తలుపు వెనక నిలబడి ఆ వాసన పీలుస్తూ లాలాజలం మింగుకున్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

గెల కోశాకా మా పిలకల్లో ఉలుకూ పలుకూ లేదు. చివరికి మా ఆయనే ఒకరోజు గొంతుక్కూర్చుని మట్టి తీసి చూశాడు.

"ఒసే గున్నమ్మా, నువ్వు పైనేసీదానితో ఇవి ఎదగవే. తల్లి బోదెలో ఉన్న సారం దిగాల. గెల కోసీసినా బోదెని అలగే ఒగ్గీయాల. ఆకులు తీసుకుంతా, పైనించి కొంచెం కొంచెం కొట్టుకుంతా రావాల. మొదలంటా నరికీసినారంటే ఇయ్యి పోతాయి."

"తల్లి ఆళ్ళ పక్కనున్నాది కదా!"

"అదే సెప్తన్నాను. ఇంకోటి, ఈ రెండిట్లో ఒకటి తీసీ. ఒక తల్లి ఎందరికని పెడతాది?"

ఆ మాట నాకు తెలీనిది కాదు. అత్త ఏనాడో చెప్పింది. రెండిట్లో ఒకటి సూది పిలక. ఆకులు సన్నగా కత్తుల్లా ఉంటాయి, మొదలు లావు. గెల వేసేది అదే. రెండోది నీటి పిలక. ఆకులు వెడల్పుగా ఏపుగా కనిపిస్తాయి గానీ అడుగున బలం ఉండదు, తాగడమే తప్ప పెట్టడం లేదు. దాన్ని ఎప్పుడో తీసెయ్యాలి. కానీ తుఫాను అన్నీ పట్టుకుపోయాక, మిగిలిన రెండిట్లో ఒకటి తియ్యడానికి నాకు చేతులు రాలేదు. రెండూ కావాలనుకున్నాను. రెండూ గిడసబారిపోయాయి.

శ్రావణంలో ఒక శనివారం సాయంత్రం మా ఆయన టీకొట్టు నుంచి వస్తూనే, "రేపు భవానీ పుట్టింటోళ్ళు వస్తన్నారట. అరటిబోదె కొట్టి, లోపలి దూట తీసి, ఆవ పెట్టి వండుతాదట," అన్నాడు. పైగా నోరూరినట్టు పెదాలు తడుపుకున్నాడు.

"బోదె కొట్టీస్తాదా? ఎల్లు మావా, కొట్టొద్దని సెప్పు!"

"మీ ఆడోళ్ళ గొడవలోకి నన్ను లాగకు," అని ఆయన చల్లగా మంచమెక్కాడు. నేనే దడి దగ్గరికి వెళ్ళి తిరుమలరావుని పిలిచి, మీ ఆవిడతో ఈ మాట చెప్పవయ్యా అన్నాను. అతను లోపలికి వెళ్ళి, తల గోక్కుంటూ వచ్చాడు.

"అవసరమున్నోళ్ళు వచ్చి అడగాలట వదినా."

ఓలమ్మో, ఎంత పొగరు! నేను వెళ్ళి దాని గుమ్మంలో నిలబడాలా? పోతే పోనీ పిలకలు, అనుకున్నాను. తెల్లారి లేచి పెరట్లోకి వెళ్ళేసరికి దడి కింద ఆ మెట్టెల పాదాలు కనిపించాయి. రాయి మీద కత్తి నూరుతున్న చప్పుడు వినిపించింది. పొగరూ లేదు, ఏమీ లేదు. చేతిలో చీపురు అక్కడే పారేసి, వీధి చుట్టూ తిరిగి పరిగెత్తుకుంటూ వాళ్ళ గేటు తోశాను.

భవాని కత్తి పట్టుకుని అరటి పక్కనే ఉంది. రెండేళ్ళ తర్వాత దాని ముఖం చూశాను. చిక్కిపోయింది.

"ఏటక్కా, ఇల్లు తప్పొచ్చినావేటి?" అంది.

"తప్పలేదు. నీకాడికే వచ్చినాను. ఆ బోదె కొట్టకే భవానీ."

"నా పెరట్లో సెట్టు. నా ఇష్టం."

"నీదే, కాదన్నానా? అది కొట్టీస్తే నా పిలకలు సచ్చిపోతాయే. ఇంక అత్త అరటి ఉండదు."

"ఎవులికుండదు? నీకా, నాకా?" కత్తి నేలకేసి కొట్టింది. "ఇలగొచ్చి సూడు. నా పక్క ఒక్క పిలకైనా ఉందేటి?"

చూశాను. తల్లి చుట్టూ మట్టి గుల్ల చేసి ఉంది. బూడిద ఉంది, గెత్తం ఉంది, ఎండాకులు కప్పి నీళ్ళు పోసి ఉంది. నేను చేసినవన్నీ అదీ చేసింది. నేలలోంచి మాత్రం ఒక్క మొలకా రాలేదు.

"అత్తని ఎత్తినాను, కడిగినాను, నిద్దర లేదు నాకు. సివరికి అత్త సెట్టు కూడా నీ పక్కకే పోనాది. ఉత్త బోదె నాకెందుకు? సూసినప్పుడల్లా కడుపు మండిపోతన్నాది. కొట్టీసి కూరొండీస్తాను!" అని మోచేత్తో ముక్కు తుడుచుకుని ఏడ్చింది.

"రా," అని దాని చెయ్యి పట్టుకున్నాను.

"ఎక్కడికి?"

"నా పెరట్లోకి. రెండున్నాయి. ఒకటి తీసుకో."

ఇద్దరం వీధిలోంచి నడిచి వెళ్తుంటే కుళాయి దగ్గర ఆడవాళ్ళు బిందెలు పొర్లిపోతున్నా చూసుకోలేదు. నేను గునపం తెచ్చాను. భవాని పిలకల ముందు కూర్చుని రెండిటినీ చూసి, వెడల్పాటి ఆకులున్నదాని మీద చెయ్యి వేసింది.

"ఇదియ్యి అక్కా. ఏపుగా ఉన్నాది."

నిజం చెప్పొద్దూ, లోపల ఆశ పుట్టింది. అదే అడిగింది. నేను అబద్ధం చెప్పక్కర్లేదు, తవ్వి చేతిలో పెడితే చాలు. ఇచ్చినట్టూ ఉంటుంది, మంచిది నా దగ్గరే ఉంటుంది. గునపం మట్టిలో దించాను కూడా. మళ్ళీ దాని చిక్కిన ముఖం చూశాను. నా వల్ల కాలేదు.

"ఒసే, అది నీటి పిలకే. సరిగ్గా గెలెయ్యదు. ఇదిగో, ఈ సన్నాకులది సూది పిలక. ఇది తీసుకో."

అది తలెత్తలేదు. "తెల్సు," అంది.

"ఏటి తెల్సు?"

"నీటి పిలకని తెల్సు. ఏడాది అత్త మంచంకాడ కూకున్నాను. నాకు సెప్పలేదనుకున్నావేటి?"

"మరి దాన్నెందుకడిగినావే, పిచ్చిదానా!"

"సూదిదాన్ని ఉప్పుడు పీకితే సచ్చిపోతాదక్కా. ఏడాదిగా ఎదుగూ బొదుగూ లేదు, దుంప ఊరలేదు. తల్లినొగ్గి బతకదు. అది నీకాడే ఉండనీ. గెలెయ్యకపోతే మానె, అత్త సెట్టని నా పెరట్లో ఒకటుంటే సాలు."

నాకు కోపమొచ్చింది. దాని మీదో, నా మీదో, పోయిన అత్త మీదో తెలీదు. దానితోపాటే ఏడుపూ వచ్చింది. చెంగుతో ముఖం తుడుచుకున్నాను.

"పిలకని పీకొద్దంతావు."

"పీకొద్దు."

"అయితే దడి పీకుదాం."

అది అర్థం కాక నా ముఖంలోకి చూసింది. నేను దడి దగ్గరికి వెళ్ళి గుంజ మొదట్లో గునపం దించి ఊపాను. రేకులు వీధంతా వినిపించేలా మోగాయి. మేం కొట్టుకుంటున్నాం అనుకుని అన్నదమ్ములిద్దరూ టీకొట్టు నుంచి పరిగెత్తుకొచ్చారు. తిరుమలరావు చేతిలో టీ గ్లాసు అలాగే ఉంది.

"వదినా! ఏటీ గొడవ? ఆగండి!"

"ఒసే గున్నమ్మా," అని మా ఆయన అరిచాడు. "పెద్దమనుషులు టేపెట్టి కొలిసి ఏసిన దడే అది!"

"కొలవనీ. పిలకని జరిపితే సస్తాది. రేకుని జరిపితే సావదు కదా! రా, ఆ కొస పట్టుకో."

"ఎంత జరపాల?"

"పిలక ఆళ్ళ పక్కకి ఎల్లేదాకా."

భవాని వచ్చి నా చేతిలో గునపం పట్టుకుంది. "వద్దక్కా, నీ జాగా పోతాది. నాకొద్దు."

"నోర్ముయ్యే. అత్తని సూసుకున్నది నువ్వు. అత్త సెట్టు నీకాడే ఉంతాది."

అది గునపం వదిలేసి నేల మీద కూర్చుంది. "ఈ మాట ఆ రోజు నలుగుర్లో అనుంటే, ఈ దడే లేకపోను కదక్కా."

"ఆ రోజు నాకు కోపం."

"ఉప్పుడో?"

"ఉప్పుడూ కోపమే. లెగు, ఈ గుంజ పట్టుకో."

మధ్యాహ్నానికి దడి మా వైపుకి వంకర తిరిగి నిలబడింది. నీటి పిలకని నేనే నేలమట్టానికి కోసి, మళ్ళీ మొలవకుండా నడిబొడ్డు పొడిచేశాను. భవాని పుట్టింటివాళ్ళకి ఆ పూట దూట కూర లేదు. మా ఇంట్లో వండిన చేపల పులుసు గిన్నెతో సహా వెళ్ళింది.

ఇప్పుడు మా పెరట్లో అరటి లేదు. అటుపక్క బోదె ఇంకా నిలబడే ఉంది, పై నుంచి కాస్త కాస్తగా తీస్తున్నాం. సూది పిలక కొత్త ఆకు విప్పింది. గెత్తం ఎంత వెయ్యాలన్న దాని మీద పొద్దున్నే ఇద్దరం దాని దగ్గర నిలబడి అరుచుకుంటున్నాం. ఆ అరుపులకి తిరుమలరావు ఇప్పుడు ఇంట్లోంచి బయటికి కూడా రావడం లేదు.