మనుషుల సంఖ్యలో మార్పు

ఆ అమ్మాయి ప్రతి నెలా మొదటి బుధవారం పదకొండు గంటలకు వచ్చేది. మూడంతస్తుల మెట్లెక్కి వచ్చి, "మంచినీళ్ళు పిన్నిగారూ" అంటూ కుర్చీలో కూలబడేది. ఫోన్లలో జనం ఏ యాప్ ఎంతసేపు చూస్తారో, ఏ వయసువాళ్ళు ఏ వేళకి చూస్తారో లెక్కగట్టే కంపెనీలో ఇల్లిల్లూ తిరిగే ఉద్యోగం ఆమెది. ప్రతి పధ్నాలుగో తలుపూ తట్టమన్నారట. మాది పధ్నాలుగోది. అలా మూడేళ్ళ కిందట మా ఆయన ఆ లెక్కలో చేరారు.

ఆయన ఫోనులో ఒక చిన్న యాప్ పెట్టింది. అది కనబడదు, వినబడదు. ఆయన ఏది తెరిచారో, ఎన్ని నిమిషాలు చూశారో రాసుకుని కంపెనీకి పంపిస్తుంది. షరతు ఒక్కటే, ఆ ఫోను ఆయన తప్ప ఇంకెవరూ వాడకూడదు.

"మా ఆవిడ ముట్టుకోదులేమ్మా. దానికి చదువు రాదు," అన్నారాయన.

"ఎందుకు రాదు? నిన్నటికి గుణింతాలు అయిపోయాయి," అన్నాను వంటగదిలోంచి.

మా ఇద్దరిదీ పుస్తకాల బైండింగు పని. ముప్ఫై ఒక్క ఏళ్ళు అచ్చయిన కాగితాలు మడిచి, వరస పేర్చి, దారంతో కుట్టి, జిగురు రాశాను. అంకెలు తెలుసు కనుక పేజీల వరస ఎప్పుడూ తప్పలేదు. అక్షరాలు మాత్రం నాకు చీమలబారు. పని మానేశాక, యాభై తొమ్మిదో ఏట, కింది అంతస్తు మాస్టారి దగ్గర పలక పట్టాను. "ఇన్నాళ్ళూ కుట్టావు, ఇప్పుడు విప్పుతావా?" అని మా ఆయన ఏడిపించేవారు.

ఆ అమ్మాయి దగ్గర పదిహేను ప్రశ్నల కాగితం ఉండేది. ఆఖరి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. ఇంట్లో మనుషుల సంఖ్యలో మార్పేమైనా ఉందా?

"ఈ వయసులో మా ఇంట్లో ఒకరు పెరిగితే నువ్వు రాసుకోనక్కర్లేదమ్మా, పేపరువాళ్ళే వచ్చి రాసుకుంటారు," అనేవారాయన. మాకు పిల్లల్లేరు. ఆ అమ్మాయి నవ్వి 'లేదు' అన్న గడిలో టిక్కు పెట్టేది.

ఒక మంగళవారం సాయంత్రం ఆయన కూరగాయల సంచితో మెట్లెక్కుతూ రెండో అంతస్తు దగ్గర ఆయాసం తీర్చుకోవడానికి కూర్చున్నారు. మళ్ళీ లేవలేదు.

ఎనిమిది రోజులకి మొదటి బుధవారం వచ్చింది. అప్పటికి వచ్చే చుట్టాలు వచ్చారు, వెళ్ళేవాళ్ళు వెళ్ళారు. బొట్టు నేను తియ్యలేదు, గోడకి ఫొటో కట్టలేదు. ఆ ఎనిమిది రోజుల్లో ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ నా మొహం చూసి గొంతు తగ్గించారు. ఈ అమ్మాయి మాత్రం ఎప్పటిలాగే వచ్చి, కుర్చీలో పడి, "మీ మెట్లు కట్టినవాడు దొరికితే నాకు చూపించండి పిన్నిగారూ, వాడితో పనుంది," అంది. నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు నాకే కొత్తగా వినిపించింది.

"బాబాయిగారేరీ?"

"బయటికెళ్ళారు," అన్నాను.

అనాలని అనలేదు. చెబితే ఈ అమ్మాయి కూడా గొంతు తగ్గిస్తుందనిపించింది. కాగితం మడిచి సంచిలో పెట్టుకుంటుంది, ఇక రాదు. పక్క బ్లాకులో ఒకాయన ఇల్లు మారితే ఆ తలుపు మళ్ళీ తట్టలేదని తనే చెప్పింది. నేనింకొక్క గ్లాసు మంచినీళ్ళు ఇచ్చేంతసేపు ఆమె ఉంటే చాలనిపించింది.

"ఇంట్లో మనుషుల సంఖ్యలో మార్పేమైనా ఉందా?"

"లేదు," అన్నాను.

రెండో నెల నిద్రపోతున్నారన్నాను. ఆ అమ్మాయి మూసిన పడకగది తలుపు వంక చూసి నెమ్మదిగా మాట్లాడింది. వెళ్ళేముందు మాత్రం ఒక మాట అంది. "బాబాయిగారు ఫోను అసలు ముట్టుకోవట్లేదేంటి? నెలరోజులుగా సున్నా. ఇంకో నెల ఇలాగే ఉంటే ఇంటిని లెక్కలోంచి తీసేస్తారు. కాస్త చెప్పండి."

చెబుతానన్నాను. ఆమె మెట్లు దిగగానే ఆయన ఫోను ఛార్జింగుకి పెట్టాను.

తెరిస్తే రైళ్ళు. డ్రైవరు పక్కన కూర్చుని తీసిన వీడియోలు, ముందు తడిసిన పట్టాలు, సొరంగాలు, వంతెనలు. తుప్పు పట్టిన పాత తాళాలు బాగుచేసే మనిషి ఒకడు. కుస్తీలు. అన్నీ ఆయన కోసం వరసగా పేర్చిపెట్టి ఉన్నాయి, ఆయన ఇప్పుడే లేచి వెళ్ళినట్టు. మనిషి లేచిన కుర్చీ కాసేపు వెచ్చగా ఉంటుంది చూడండి, అలా ఉంది. ఆ వెచ్చదనంలో వారం రోజులు కూర్చున్నాను.

తర్వాత దాన్ని ఒక పనిలా పెట్టుకున్నాను. ఆయన ఫోనులో అలాంటి యాప్‌లు ఆరు. ఏది తక్కువైతే ఏం కొంప మునుగుతుందో నాకు తెలియదు. బైండింగులో ఒక్క కాగితం తప్పిపోతే పుస్తకం మొత్తం తిరిగొస్తుంది. అందుకని అన్నం తిన్నాక రెండింటికి గడియారం ఎదురుగా కూర్చుని, ఆరింటినీ తలా పది నిమిషాలు చూసేదాన్ని. మూడింటికి ఫోను మూసేసేదాన్ని. నీలంరంగు దాంట్లో ఆయన పుట్టినరోజుకి నలుగురు శుభాకాంక్షలు పంపారు. వాళ్ళకీ ఎవరూ చెప్పినట్టు లేదు. నలుగురికీ బొటనవేలి గుర్తు నొక్కాను.

ఒకరోజు ఒకావిడ దుప్పటి మీద నెమలి కుడుతుంటే కాస్త ఆగి చూశాను. దారం ఎలా ముడి వేస్తుందోనని. మర్నాడు అలాంటివి మూడొచ్చాయి. వారానికి పదయ్యాయి. రైళ్ళు కిందికి జరిగాయి. నాకు భయమేసి, పట్టుబట్టి రైళ్ళే చూశాను. కానీ రైలు వీడియో చూస్తే నాకు నిద్రొస్తుంది. ఆ సంగతి ఎలా పసిగడుతుందో, ఫోనుకి తెలిసిపోతుంది. ఆరు నెలలయ్యేసరికి వారానికి ఒక్క రైలు వచ్చేది. తాళాలవాడు మాయమైపోయాడు. నేను చూసేకొద్దీ ఆయన అందులోంచి తగ్గిపోయారు. చూడడం మానేస్తే అమ్మాయి రాదు.

ఆయన పోయాక ఏడోసారి వచ్చినప్పుడు ఆ అమ్మాయి మంచినీళ్ళు కూడా అడగలేదు.

"పిన్నిగారూ, మా హెడ్డాఫీసులో బాబాయిగారి గురించే మాటలు. ఎక్కడున్నారాయన?"

"బజారుకెళ్ళారు."

"అయ్యో. ఏం రాశారో తెలుసా రిపోర్టులో? అరవై ఐదు దాటిన మగవాళ్ళు మధ్యాహ్నం రెండు నుంచి మూడు దాకా అన్ని యాప్‌లూ సమానంగా చూస్తున్నారట. కుట్టుపని మీద వాళ్ళకి మోజు పెరిగిందట. ఇంతవరకూ ఎక్కడా లేని పద్ధతట."

"మగవాళ్ళందరూనా?"

"మా ఏరియాలో ఆ వయసు మగవాళ్ళు లెక్కలో ఇద్దరే ఉన్నారు. రెండో ఆయన ఫోను బకెట్లో పడింది. అంటే బాబాయిగారే." నవ్వి, సంచి సర్దుకుంది. "ఎల్లుండి శుక్రవారం పదకొండింటికి మా సూపర్‌వైజరు వస్తారు. బాబాయిగారితో పావుగంట మాట్లాడాలట. ఆయన్ని ఎక్కడికీ పంపించకండి."

"పంపించను," అన్నాను.

కాగితం మీద చివర్న ఒక వరసలో ఆమె టిక్కు పెట్టడం చూశాను. ఎన్నిసార్లో చూశాను గాని, ఆ రోజే చదివాను. నా వైపు నుంచి తలకిందులుగా ఉన్నా చదవగలిగాను. 'సభ్యుణ్ణి స్వయంగా చూసి మాట్లాడాను.'

అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు. అతికించడం నాకు కొత్త కాదు. గురువారమంతా ఎలా అతికించాలా అని ఆలోచించాను. ఊరెళ్ళారని చెప్పొచ్చు, అయితే ఎప్పుడొస్తారని అడుగుతారు. కింది అంతస్తు మాస్టారికి డెబ్భై. ఒక్క పావుగంట మా కుర్చీలో కూర్చుని, కుట్టుపని అంటే నాకు ప్రాణమని చెబితే చాలు. అడుగుదామని ఆయన తలుపు దాకా దిగాను. లోపల వాళ్ళావిడ, "మీరు కట్టుకుంది నన్నా, ఆ పేపర్నా? నీళ్ళు చల్లారిపోతున్నాయి, స్నానానికి లేవండి," అంటోంది. మాస్టారు ఏదో గొణుగుతున్నారు. తట్టడానికి ఎత్తిన చెయ్యి దించేశాను. ఆ అమ్మాయికి మా ఆయన మొహం తెలుసు కదా, అది కూడా అప్పుడే గుర్తొచ్చింది.

పైకొచ్చి కూర్చున్నాను. ఏం చెప్పి పంపించినా, ఆ సూపర్‌వైజరు ముందుగా ఆ అమ్మాయినే అడుగుతాడు, నువ్వు ఆయన్ని ఆఖరిసారి ఎప్పుడు చూశావని. నా మాట నమ్మి ఏడుసార్లు టిక్కు పెట్టిన పిల్ల. నా ఫోను తీసి ఆమెకి చేశాను. శుక్రవారం తొమ్మిదింటికి ఒక్కదానివే రమ్మన్నాను.

వచ్చింది. "బాబాయిగారికి ఒంట్లో బాగోలేదా పిన్నిగారూ?"

"లేరమ్మా."

"మళ్ళీ బయటికెళ్ళారా? ఎక్కడికీ పంపొద్దని మొన్ననే చెప్పాను కదా."

"బయటికి కాదు. లేరు."

ఆమెకి అర్థం కావడానికి కాసేపు పట్టింది. పడకగది తలుపు ఆ రోజు తెరిచే ఉంది. లోపల మంచం మీద ఒకవైపే దుప్పటి నలిగి ఉంది. అటు చూసి, నా వైపు చూసింది.

"ఎప్పుడు?"

చెప్పాను. వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది.

"ఏడుసార్లు అడిగాను మిమ్మల్ని."

"అవును."

"ఆయన నిద్రపోతున్నారంటే లేస్తారేమోనని నేను మెల్లగా మాట్లాడాను."

"నువ్వు రావడం మానేస్తావని," అన్నాను. ఆ మాట బయటికొచ్చాక చాలా చిన్నదిగా అనిపించింది.

"నాకు చెప్పుంటే..." అని ఆగిపోయింది. చెప్పినా వచ్చేదాన్ని అంటుందేమోనని చూశాను. అనలేదు. అలా అనకపోవడమే మంచిది, అబద్ధాలాడడానికి నేనొక్కదాన్ని చాలు.

సూపర్‌వైజరుకి అక్కడినుంచే ఫోను చేసింది. "సర్, ఆ సభ్యుడు చనిపోయారు సర్. ఆరున్నర నెలలైంది... లేదు సర్, నేను చూడలేదు. చూశానని టిక్కు నేనే పెట్టాను." అవతలి కేకలకి ఫోను చెవి నుంచి కాస్త దూరంగా పట్టుకుంది. ఎవరి మీదకీ నెట్టలేదు. నా పేరు ఎత్తలేదు.

"ఏమన్నాడమ్మా?"

"ఈ ఏరియా తీసేసి వేరే వైపు వేస్తారట. తిట్లు ఉచితం."

"అయితే ఇటు రావు."

"రాను పిన్నిగారూ."

ఆయన ఫోను తీసుకుని ఆ చిన్న యాప్‌ని తీసేసింది. రెండు నిమిషాల పని. ఒక కాగితం ఇచ్చి సంతకం పెట్టమంది. కారణం అన్న చోట 'మరణం' అని తను రాసింది. సంతకం నేను పెట్టాను. ఆమె సంచి సర్దుకుంటుంటే అడిగాను.

"ఆయన బదులు నన్ను వేసుకోకూడదా?"

"కుదరదు. పైగా మీ కేటగిరీలో ఖాళీ లేదు."

"నాదే కేటగిరీ?"

"అరవై దాటి ఒంటరిగా ఉంటున్న ఆడవాళ్ళు. మా ఏరియాకి ఒక్కరినే తీసుకుంటారు. ఒకావిడ ఉన్నారు."

"ఒక్కర్ని చూస్తే అందరి సంగతీ ఏం తెలుస్తుంది?"

"మా లెక్కలో ఆవిడ ఒక్కరు కాదు పిన్నిగారూ. ఆవిడ ఏం చూస్తే అది పదకొండువేలమంది చూసినట్టు."

"ఏం చూస్తుందావిడ?"

"అది చెప్పకూడదు."

మళ్ళీ అడగలేదు. ఆమె ఉద్యోగం మీదికి నేను తెచ్చింది చాలదా. ఆమె గుమ్మం దాటి, వంగి చెప్పులు వేసుకుంటూ, నన్ను చూడకుండానే అంది. "ఏమీ చూడదు. ఒక్క యాపూ తెరవదు. తెర వెలిగిస్తుంది, ఆర్పేస్తుంది. మళ్ళీ వెలిగిస్తుంది. రోజుకి ఎనభై తొంభైసార్లు. ఎవరైనా ఫోను చేశారేమోననుకుంటా. మావాళ్ళు ఫోను పాడైందనుకుని నన్ను రెండుసార్లు పంపించారు. ఫోను బాగానే ఉంది."

"ఆ పదకొండువేలమందిలో నేనున్నానా?"

చెప్పు పట్టీ సరిచేసుకుంది. "ఉన్నారు," అంది.

ఆమె నాలుగు మెట్లు దిగింది.

"మెట్ల మీద లైటు వెయ్యనా?" అన్నాను.

"పగలే కదా పిన్నిగారూ, వద్దు," అంది.