బావ కారుకు కొత్త వైండింగు

నుజ్జయిపోయిన బొమ్మ కారును మునిలక్ష్మి పాత చీర ముక్కలో మూటగట్టి, బొమ్మనహళ్ళిలో బస్సెక్కి, ఒళ్ళో బిడ్డను పెట్టుకున్నట్టు పెట్టుకుని మార్కెట్టు దాకా తెచ్చింది. అక్కడ ఆమె తమ్ముడు చిన్నప్పకు మోటార్లకు తీగ చుట్టే అంగడి ఉంది. బల్లమీద మూట విప్పి, కొంగుతో మొహం తుడుచుకుంది.

"టెంపో ఎక్కిందప్పా దీని మీద. ఆ పొద్దుట్నుంచీ మీ బావ గోడపక్కకి తిరిగి పండుకోనుండాడు. నోట్లో ముద్ద పెడితే మింగుతాడు, లేదంటే లేదు. ఇది నడిస్తేనే ఆయప్ప లేచేది, చూడు."

బావ వెంకటగిరియప్ప సిటీ బస్సు డ్రైవరు. పక్షవాతం వచ్చి కుడివైపంతా చచ్చుబడితే ఉద్యోగం వదిలి మంచం పట్టాడు. కువైటులో నర్సు పని చేసే పక్కింటి కరుణ, సెలవుకు వచ్చినప్పుడు ఈ జపాను కారు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. తీగ లేదు, తాడు లేదు. చేతిలో ఉన్న డబ్బాకు రెండు పుల్లలు. ఎడమ బొటనవేలితో నొక్కితే బండి కదులుతుంది, కుడి బొటనవేలితో తోస్తే మలుపు తిరుగుతుంది. "కుడి వేలు ఆడాలి పెద్దాయనా, రోజూ తోలండి" అని చెప్పి వెళ్ళిపోయింది.

ఆయన దాన్ని ఆట అనుకోలేదు, డ్యూటీ అనుకున్నాడు. పొద్దున్నే గడ్డం గీయించుకునేవాడు. దిండుకు ఆనుకుని కూర్చుని, మంచం కోళ్ళ సందుగా, బియ్యం డ్రమ్ము చుట్టూ, వంటింటి దాకా తోలేవాడు. మునిలక్ష్మి దాని నెత్తిన ఆకూవక్కా పెట్టి తిప్పి పంపేది. కారు గూడా ఆయన వయసుకు తగ్గట్టు నింపాదిగా వచ్చేది. మొన్న వాకిట్లోని సిమెంటు వాలు దిగి రోడ్డెక్కింది. బట్టల ఫ్యాక్టరీ టెంపో చక్రం కింద పడింది.

"ఎట్లా పోయిందంటాడు బావ?" అని అడిగాడు చిన్నప్ప.

"బండిలో పికప్ లేదంట. తిప్పితే తిరగలేదంట. దమ్ముంటే టెంపో వచ్చే లోపల దాటేసుందునంటాడు."

చిన్నప్ప తల ఊపాడు. బండి తోలేవాడు బండిని తప్పు పట్టడం మెకానిక్కుకు కొత్త కాదు. వేరే ఎవరైనా ఆ మాటంటే లోలోపల నవ్వుకునేవాడే. కానీ అన్నది బావ. ఎనిమిదో తరగతి తప్పి పల్లె నుంచి వచ్చిన కొత్తలో, బావ సీటు వెనకాల కడ్డీ పట్టుకుని నిలబడి ఊరంతా తిరిగినవాడు చిన్నప్ప. జనం కిక్కిరిసిన పేట సందుల్లో ఆ చేతులు అంత బస్సును సూదిలో దారంలా లాగడం చూసినవాడు. ఆ చేతి మీద అనుమానం వాడికి కలలో కూడా రాలేదు.

ముందు ఇరుసు వంగిపోతే సైకిలు పుల్ల కోసి వేశాడు. పళ్ళు రాలిన చక్రానికి బదులు పాత టేపురికార్డరులోది సరిపెట్టాడు. పగిలిన పైడొప్పను లోపల గుడ్డ పెట్టి అతికించాడు. ఇక మోటారు. వక్కంత ఉంది. బోరుబావుల మోటార్లకు చుట్టిన చేతులవి. అయినా కళ్ళజోడు పెట్టుకుని, ఊపిరి బిగబట్టి, పాత తీగ తీసేసి కొత్తది చుట్టాడు. వేగం పెరగాలని చుట్లు తగ్గించి, తీగ మందం పెంచాడు. సెల్లులు కూడా పెద్దవి వేశాడు.

అంగడి ముందు వదిలితే అది పక్కంగడి రామాంజినప్ప కాళ్ళ మధ్యనుంచి దూసుకుపోయింది.

"ఏమప్పా, కారా ఇది, కుక్కా?" అని ఎగిరి గంతేశాడు ఆయన.

"మా బావ చేతిలో పడనీప్పా, అప్పుడు చూడు!"

ఆదివారం చిన్నప్ప వెళ్ళేసరికి వెంకటగిరియప్ప గోడవైపే తిరిగి ఉన్నాడు. కారు చేతికిస్తే ఇటు తిరిగాడు. లేపి కూర్చోబెట్టారు.

"ఏం రా, పెండ్లికొడుకు మాదిరి చేసినావే!"

"పికప్ పెంచినా బావా. ఇంక లారీ గూడా నిన్ను పట్టలేదు."

"లారీ పట్టకుంటే పోలీసోడు పడతాడు లేరా."

వంటింట్లో మునిలక్ష్మి పకపకా నవ్వింది. ఆ ఇంట్లో నవ్వు వినబడి చాలా రోజులైంది.

ఎడమ బొటనవేలు నొక్కింది. కారు ఎగిరి దూకింది. దానికి మెల్లగా పోవడం తెలియదు; నొక్కితే పరుగు, వదిలితే ఆగడం. డ్రమ్ము దగ్గర మలుపు తిరగాలి. మంచం పక్కనే నిలబడిన చిన్నప్ప కుడి బొటనవేలిని చూశాడు. అది వణికింది, లేచింది, పుల్లను వెతుక్కుంది. అది తోసే లోపల కారు డ్రమ్ముకు గుద్దుకుంది. మళ్ళీ తోలాడు. గోడ. ఇంకోసారి. ఏమైందోనని వచ్చిన మునిలక్ష్మి మడమకు తగిలి కారు బోల్తా పడి, చక్రాలు గాల్లో గిర్రున తిరిగాయి.

అప్పుడు చిన్నప్పకు అర్థమైంది. పాత కారు ఆ వేలి కోసం ఆగి ఆగి నడిచింది. ఆయన పరువు కాపాడింది దాని నింపాదే. దాన్ని తానే పీకి పారేశాడు.

"వైండింగు తప్పు చుట్టినా బావా," అన్నాడు గబగబా. "చుట్లు ఎక్కువ పడాల్సింది. ఇటియ్, రేపే మార్చి తెస్తా. నాదే తప్పు."

"నెపం బండి మీద చెప్పొద్దురా," అన్నాడు వెంకటగిరియప్ప. గొంతు పెంచలేదు. "మొన్న నేను చెప్పినా గదా. చాలు." డబ్బాను ఎడమ చేత్తో జరిపాడు. "నువ్వు తోలు. నేను చూస్తా."

చిన్నప్ప తీసుకుని, కావాలనే గోడకు గుద్దించాడు.

"నాటకాలాడకు. సరిగ్గా తోలు."

తోలాడు. కారు మంచం కోళ్ళ సందుగా దూరి, డ్రమ్మును చుట్టి, వంటింటి దాకా పోయి, ఎక్కడా తగలకుండా తిరిగొచ్చింది. మలుపు మలుపుకూ దుప్పటి కింద బావ ఎడమకాలు క్లచ్చు తొక్కినట్టు కదలడం చిన్నప్ప చూశాడు. చూడనట్టు ఉండిపోయాడు.

"ఆపెయ్," అన్నాడు ఆయన.

చిన్నప్ప డబ్బాను మంచం మీద పెట్టాడు. తర్వాత వెంకటగిరియప్ప, ఇంటికొచ్చిన చుట్టాన్ని పలకరించినట్టు, "మీ ఇంటి పక్క కొళాయిలో నీళ్ళొస్తుండాయా?" అని అడిగాడు.

"దినం మార్చి దినం వస్తాయి బావా."

"ఈడా అంతే."

మునిలక్ష్మి కాఫీ తెచ్చేసరికి బావా బామ్మర్దులు నీళ్ళ గురించే మాట్లాడుకుంటున్నారు. ఇన్నేళ్ళలో ఆ ఇద్దరి నోటా బండ్ల మాట కాక ఇంకో మాట ఆమె వినడం అదే మొదటిసారి. లోటాలు అక్కడ పెట్టి, ఏదో పొయ్యి మీద మరిచిపోయినదానిలా, వెనక్కి తిరిగి వంటింట్లోకి వెళ్ళిపోయింది.