వెనక హీటరు

అత్తగారిని ఇంటికి చేర్చడానికి శవాల బండి తప్ప గతి లేదని తేలాక, అల్లుడు ముందుగా బండి కింద దూరి వెనక హీటరు కుళాయి చూశాడు.

ఆస్పత్రివాళ్ళు చేతులెత్తేశారు. ఊపిరితిత్తులకి ఇక మందు లేదు, ఆవిడ తన ఇంట్లోనే ఉంటానంటోంది కాబట్టి తీసుకెళ్ళండి, కానీ దారిలో చలి తగిలితే మాత్రం ఇంటిదాకా నిలవదు అన్నారు. మంచు పడుతున్న కొండదారికి ఆస్పత్రి బండి రాదట. టాక్సీలవాళ్ళు ఆకాశం వంక ఒకసారి చూసి అద్దాలు పైకెత్తుకున్నారు. మనిషిని పడుకోబెట్టి తీసుకెళ్ళే చోటు ఉన్నది అల్లుడి బండిలోనే. ఆ చోటు ఎందుకుందో ఊరందరికీ తెలుసు.

ఒకప్పుడది ప్రయాణికుల వ్యాను. ఇంజన్లో కాగిన కూలెంటు నీళ్ళు రెండు దారుల్లో వెళ్ళేవి. ఒకటి డ్రైవరు కాళ్ళ దగ్గరున్న హీటరుకి, రెండోది నేల కింద పొడుగాటి గొట్టంలో వెనక హీటరుకి. సీట్లు పీకేసి బల్ల బిగించిననాడు వెనక దారి కుళాయి కట్టేశారు. ఆ బల్ల మీద పడుకునేవాళ్ళకి వెచ్చదనంతో పనిలేదు సరికదా, అది చేటు కూడా. చుట్టాలు ముందు సీట్లో కూర్చుని ఏడిచేవారు. వాళ్ళని కుదుపులతో ఇంకా ఏడిపించకూడదని అతను బండిని నీళ్ళకుండ మోస్తున్నట్టు నడిపేవాడు. గేరు మారిన సంగతి గేరుకే తెలియాలి. ఊళ్ళో అతన్ని ‘నిదానం’ అనేవారు. భార్యకి కోపమొస్తే ఆవిడా అదే పేరుతో పిలిచేది, మర్యాదకి చివర ‘గారు’ చేర్చి.

బావమరిదికి మెకానిక్ షెడ్డుంది. పనంతా అతనే నెత్తినేసుకున్నాడు, అమ్మ కోసం కదా. కుళాయి తుప్పుపట్టి బిగుసుకుపోయింది. నూనె పోసి, సుత్తితో మెల్లగా తట్టి, బతిమాలినట్టు తిప్పాడు. లోపలి నుంచి ఇటుకరంగు బురద కారింది. అది ఇంజన్లోకి పోకూడదని గొట్టాలు విడదీసి, తేట నీళ్ళొచ్చేదాకా వెనక హీటరుని కడిగాడు. ఉబ్బిపోయిన రబ్బరు గొట్టం పారేసి కొత్తది తొడిగాడు. కూలెంటు నింపి, బండి ముక్కు మిట్టమీదికి వచ్చేలా నిలబెట్టి, రేడియేటరు మూత తీసి ఇంజన్ రొద పెట్టించాడు. గొట్టాల్లో గాలి ఇరుక్కుంటే నీళ్ళు నడవవు. ఆ గాలి బుడగలు బుడగలుగా పైకి తేలి, అదంతా పోయేదాకా గొంతుక్కూర్చుని చూశాడు. చివరికి గొట్టం మీద చెయ్యి వేసి, “కాలుతోంది బావా,” అన్నాడు. మంచు పేరుకోకముందే చేరి ఇల్లు వెచ్చబెట్టాలని మోటారుసైకిలెక్కి ముందే వెళ్ళిపోయాడు.

ఆస్పత్రి గుమ్మంలో అత్తగారు బండిని ఎగాదిగా చూసింది.

“నాలుగు రోజులు ఆగలేకపోయావా అల్లుడూ?”

కూతురు గదమాయించింది. ఆవిడ నవ్వబోయి దగ్గుల్లో పడింది. దుప్పట్లు చుట్టి బల్ల మీద పడుకోబెట్టారు. కూతురు పక్కనే చిన్న స్టూలు వేసుకుంది.

అలవాటైన చెయ్యి అలవాటుగానే నడిపింది. పై గేరులో, మెత్తగా, ఇంజన్ గొణుగుతున్నట్టు. కొండ మొదలు దాటాక అతని సీటు వెనక అడ్డంగా ఉన్న అద్దం మీద వేళ్ళతో కొట్టిన చప్పుడైంది. ఇక్కడ చల్లగాలే వస్తోందండీ, అమ్మ పెదాలు నల్లబడుతున్నాయి అంటోంది భార్య. అప్పటికి అతని పాదాలు చెమట పట్టి ఉన్నాయి.

బండి ఆపి కిందికి దూరాడు. కుళాయి తెరిచే ఉంది. ఎక్కడా కారడం లేదు. గాలి ఇరుక్కుంటే గుడగుడమనాలి, ఆ చప్పుడూ లేదు. వెనక్కి వెళ్ళే గొట్టం మొదట్లో వేడిగా ఉంది, పోనుపోను గోరువెచ్చన, తిరిగొచ్చే గొట్టం చల్లన. నీళ్ళు కదులుతున్నాయి, కానీ ప్రాణం లేకుండా కదులుతున్నాయి.

వెనక తలుపు తీసి, ఇంకో దుప్పటి కప్పుతూ, కాస్త ఓర్చుకోమన్నాడు.

“ఓర్చుకుంటాలే గానీ,” అంది ఆవిడ దుప్పట్లోంచి, “నువ్వు తోలే తీరు చూస్తుంటే, పోయానేమోనని నాకే అనుమానంగా ఉంది.”

అతను తలుపు మూయకుండా అలాగే నిలబడిపోయాడు.

నీళ్ళని తోసే పంపు ఇంజన్ తిరిగినంతే తిరుగుతుంది. షెడ్డులో గొట్టం కాలింది ఇంజన్ రొద పెట్టబట్టి. తన చేతిలో అది కునికిపాట్లు పడుతోంది. దగ్గర దారి దొరికిన వేడంతా ముందు హీటరులోనే చుట్టుతిరిగి వచ్చేస్తోంది, అంత దూరం వెనక్కి వెళ్ళే ఊపు దానికి లేదు. ఇన్నేళ్ళూ మర్యాద అనుకున్నది ఇప్పుడు అత్తగారిని గడ్డకట్టిస్తోంది.

ముందు హీటరు కట్టేశాడు. గేరు తగ్గించి కాలు నొక్కాడు. ఇంజన్ అరిచింది. ఏడుస్తున్నవాళ్ళ మధ్య గొంతెత్తి మాట్లాడినంత సిగ్గేసింది, అయినా కాలు తియ్యలేదు. మలుపుల్లో హారన్ కొట్టాడు. ముందు అద్దానికి లోపల ఆవిరి పట్టింది, మోచేత్తో తుడుచుకున్నాడు. వేళ్ళు కొంకర్లు పోయాయి. కాసేపటికి వెనక నుంచి భార్య గొంతు వినిపించింది. వేడి వస్తోందట. ఇంకాసేపటికి, అమ్మ నిద్రపోయిందట. నిద్రేనా అని పై అద్దంలో చూస్తే, భార్య తన తల్లి ముక్కు దగ్గర చెయ్యి పెట్టి ఉంది. తర్వాత అతన్ని చూసి తల ఊపింది.

ఇంటి ముందు బావమరిది మడత మంచంతో సిద్ధంగా ఉన్నాడు. వెనక తలుపు తీయగానే వెచ్చని గాలి అల్లుడి ముఖాన కొట్టింది. అత్తగారు కళ్ళు తెరిచి మంచాన్ని చూసింది, వద్దంది.

“ఈ బండిలోంచి తన కాళ్ళ మీద దిగినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?”

లేరన్నాడు.

“అయితే చెయ్యివ్వు.”

దిగింది. ఒక అడుగు వేసింది, రెండోదానికి ఊపిరి అందలేదు. కొడుకు ఎత్తుకుని లోపలికి తీసుకెళ్ళాడు, కూతురు దుప్పట్లు ఏరుకుని వెనకే పరిగెత్తింది. కిటికీ పక్క మంచం మీద ఆవిడని పడుకోబెట్టడం వీధిలోకి కనిపించింది. అల్లుడు డ్రైవరు సీట్లోకి ఎక్కి కూర్చున్నాడు. వెనక హీటరు ఖాళీ బల్ల మీదికి ఇంకా వెచ్చగా ఊదుతూనే ఉంది. ఇంజన్ ఆపడానికి చాలాసేపు చెయ్యి రాలేదు.