తువ్వాలుకు చెరో చివర

ఎదురెదురుగా నిలబడి ఇద్దరూ ఎవరి చివరను వాళ్ళు కుడివైపుకు తిప్పారు. మధ్యలో తువ్వాలు తాడులా బిగిసి జలజలా నీళ్ళు కార్చింది. చిన్నకోడలి కుడి మోచేతి లోపలి ఎముక దగ్గర భగ్గుమంది. పళ్ళబిగువున ఓర్చుకుంది.

గోల్ఫ్ మైదానం వెనక ఉతుకుడు గది అది. ఆటగాళ్ళు తుడుచుకుని పారేసిన తువ్వాళ్ళన్నీ ఈ తోడికోడళ్ళ చేతుల్లో పడాల్సిందే. ఇంట్లో పొయ్యి దగ్గర ఉప్పూ నిప్పూగా ఉండే ఇద్దరూ తువ్వాలు చేతికొస్తే మాత్రం ఒక్కటైపోతారు. మైదానమంతా వాళ్ళను పెద్దకోడలు, చిన్నకోడలు అనే పిలుస్తుంది.

ఆట నేర్పే కోచ్ ఆ పొద్దున కూడా కొత్తవాళ్ళను కిటికీ దగ్గరికి తీసుకొచ్చాడు. వీళ్ళ మోచేతులు పక్కటెముకలను వదలట్లేదు చూడండి, తిరిగేవి మణికట్లే, అన్నాడు. కర్ర వెనక్కి లేచినప్పుడు మణికట్టు మడవాలట, బంతి దగ్గరికి వచ్చేదాకా ఆ మడత విడవకూడదట, ముందే విడిస్తే బలమంతా గాలికి పోతుందట. వాళ్ళు బుద్ధిగా తలలూపి, వెళ్ళి బంతికి బదులు గడ్డిని పెళ్ళగించారు.

నిన్న డాక్టరు ఆ ఎముక మీద నొక్కి, గోల్ఫ్ ఆడతారా అని అడిగాడు. ఆడేవాళ్ళకు వచ్చే నొప్పట. ఆడకుండానే అంత ఘనమైన జబ్బు తెచ్చుకున్నందుకు చిన్నకోడలికి నవ్వొచ్చింది. మడతలు పెట్టుకోండి, పిండటం మాత్రం మానెయ్యండి అనగానే ఆ నవ్వు కాస్తా ఎగిరిపోయింది. వచ్చే వారం పిండే యంత్రం వస్తోంది. మడతలకు ఒక్కరు చాలు. ఆ ఒక్కరెవరో మేనేజరు ఈ సాయంత్రం చెబుతానన్నాడు. చెయ్యి పాడైందని తెలిస్తే ఇంకేముంది, తనకు ఉద్వాసనే. భర్త పోయిన కొత్తలో తన గదిలో ఒంటరిగా గోడలు చూస్తూ కూర్చుని మంచం పట్టిన మనిషి ఆమె. మళ్ళీ ఆ గదిలో కూర్చోవాలంటేనే భయం.

"ఎక్కడే నొప్పి? లోపలా, బయటా?" అంది పెద్దకోడలు.

"నాకేం నొప్పి?"

"నీ చివర జారిపోతోంది. నాకు తెలీదా? చెప్పు."

చిన్నకోడలు చెయ్యి చాపి చూపించింది. పిడికిలి బిగిస్తే ఎక్కడిదాకా లాగుతుంది, బరువెత్తితే ఎలా ఉంటుందని పెద్దకోడలు పోలీసులా ఆరా తీసింది. తర్వాత, నువ్వు ఊరికే పట్టుకుని నిలబడు, నేను తిప్పుతా, అంది. అంతా చెప్పాక చిన్నకోడలు నాలుక్కరుచుకుంది. ఇదంతా మేనేజరు చెవిన వేయడానికే అనుకుని, ఇక సాయంత్రం దాకా ఆమెతో మాట్లాడలేదు.

అనుకున్నట్టే, పిలవకముందే పెద్దకోడలు చేతులు తుడుచుకుని మేనేజరు గదిలోకి వెళ్ళింది. చిన్నకోడలు తలుపు పక్కన నిలబడింది.

"నా కుడి మోచెయ్యి పోయిందండీ. ఇదిగో, ఈ లోపలి ఎముక దగ్గర. పిడికిలి బిగిస్తే చిటికెనవేలి దాకా లాగుతోంది. ఇక నావల్ల కాదు. మడతలకి మా చెల్లిని ఉంచండి."

మేనేజరు సరేనన్నాడు. ఆయనకు ఎవరైనా ఒకటే.

బయటికి వచ్చిన ఆమె మొహంలోకి చూడలేక చిన్నకోడలు సిగ్గుతో చచ్చిపోయింది. ఏడుపు ఆగలేదు.

"ఎందుకక్కా అలా చెప్పావు?"

"ఇంట్లో నాకు పోట్లాడుకోడానికి మీ బావగారున్నారు. నీకెవరున్నారే?"

అంతే. చెప్పులేసుకుని వెనక గేటులోంచి వెళ్ళిపోయింది. ఇన్నేళ్ళు పనిచేసిన మనిషి వెళ్ళిపోతోందని మైదానంలో ఎవరికీ తెలియలేదు.

తలుపులు మూసే వంతు చిన్నకోడలిది. గదిలోకి వచ్చింది. తొట్టి అంచున ఆఖరి తువ్వాలు, పెద్దకోడలు ఒక్కతే పిండి పెట్టినది, తనంతట తాను మెల్లగా మెలి విప్పుకుంటోంది.