అమృతమ్మ చదవని పదహారు పేజీలు

నారాయణరావుపేట బడిలో ఒంటిగంటకల్లా పిల్లల తిండి అయిపోతుంది. ఒంటిగంటన్నరకు గంజులు తోమడం అయిపోతుంది. రెండింటికి వంటమనిషి అమృతమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని, వంటగదిలో బియ్యం సంచుల మీదికి వాలి, పుస్తకం తెరుస్తుంది. ఇరవై రెండేళ్లుగా ఇదే వరస. ఈ వరసను తప్పించాలని ఆమె మొగుడు బుచ్చిరాములు మొదట్లో కొన్నాళ్లు ప్రయత్నించాడు. తర్వాత ఆయనకు బుద్ధి వచ్చిందని ఆమె అంటుంది. ఓపిక పోయిందని ఆయన అంటాడు.

ఆమె చదివేవి రాజుల కథలు, మాయల కథలు. కోటగోడ, సొరంగం, మారువేషం, విషం కలిపిన తాంబూలం, వీటిలో కనీసం రెండు లేకపోతే దాన్ని పుస్తకమని ఒప్పుకోదు. కత్తియుద్ధం వస్తే ఆమె కాలివేళ్లు ముడుచుకుపోతాయి. సొరంగం వస్తే పైకప్పు తగులుతుందేమోనన్నట్టు తల వంచుకుని చదువుతుంది.

ఆమె ఒక పుస్తకం మొదలుపెడితే అందులోంచి ఒకరు వచ్చి ఊళ్లో ఉంటారు. ఆఖరి పేజీ చదివేసిన రోజు వెళ్లిపోతారు. ఎవరొస్తారన్నది ఆమె చేతిలో లేదు. పోయినేడు ఒక మాంత్రికుడు వచ్చి తొమ్మిది రోజులున్నాడు. ఆయన చెయ్యి పెట్టినప్పటి నుంచి పక్కింటి దేవరాజు బోరుమోటరు ఒక్కసారి కూడా కాలలేదు. బుచ్చిరాములుకు ఆ మాంత్రికుడంటే ఇప్పటికీ పడదు, ఎందుకంటే ఊళ్లో కాలిన మోటర్లు బాగుచేసి సంపాదించేది తనే. ఒక ఆస్థానకవి వచ్చి పదకొండు రోజులు తిని, సర్పంచు మీద నూటెనిమిది పద్యాలు చెప్పిపోయాడు. సర్పంచుకు ఒక్కటీ అర్థం కాలేదు గాని అన్నీ లామినేషన్ చేయించుకున్నాడు. ఒకసారి బడి పెద్దసారు బలవంతం మీద అమృతమ్మ ఈ కాలపు సంసారాల నవల ఒకటి చదివింది. అందులోంచి వచ్చినవాడు ఐదు రోజులు బడి అరుగు మీద కూర్చుని నిట్టూర్చాడు, రోజుకు ఆరుసార్లు చాయ్ తాగాడు. రాజుల పుస్తకాలే చదువుకొమ్మని అప్పుడు ఊరే ఆమెకు చెప్పింది.

అమృతమ్మకు పట్టుదల ఒకటుంది. మొదలుపెట్టిన పుస్తకం సగంలో వదలదు. ఒకటి పూర్తికాకుండా ఇంకొకటి ముట్టదు. గర్భసంచి ఆపరేషను నాడు కూడా ఇంకో నాలుగు పేజీలున్నాయని డాక్టరమ్మను ఆగమన్న మనిషి.

ఈ ఏడు బడులు తెరిచిన వారంలో ఆమె సిద్దిపేట పాత బస్టాండు దగ్గర భూపతి పాత పుస్తకాల కొట్టులో అట్టలేని పుస్తకం ఒకటి తెచ్చుకుంది. పేరు తెలీదు, రాసిందెవరో తెలీదు. మొదటి పేజీలోనే కోటగోడ ఉంది, అంతే చాలు. మర్నాడు పొద్దున పాతికేళ్ల పిల్ల ఒకతె బడి వంటగది ముందు నిలబడి ఉంది. కాళ్లకు పారాణి, నడుముకు వెండి మొలనూలు.

"ఇది ఏ ఏలినవారి వంటశాల?" అని అడిగింది.

"సర్కారుది," అంది అమృతమ్మ. "ఉల్లిగడ్డలు కొయ్యొస్తదా?"

ఆ పిల్ల పేరు మందారిక. ఒక రాణిగారి చెలికత్తె. రెండో వంటామె పని మానేసి ఏడాదైంది కాబట్టి పుస్తకం ఎంత పెద్దదైతే అంత మంచిదని అమృతమ్మకు అనిపించింది. మందారిక పప్పుచారు పెడితే పిల్లలు మళ్లీ అడిగి పోయించుకునేవాళ్లు. బడికి వచ్చే పిల్లల సంఖ్య పెరిగింది. అది తన ఉపన్యాసాల వల్లేనని పెద్దసారు పైవాళ్లకు రాశాడు.

నెలన్నరలో ఆ పిల్ల గ్యాస్ పొయ్యి ముట్టించడం నేర్చింది, పెద్దసారు కనబడితే సాష్టాంగపడడం మానేసింది. అంతఃపురంలో ఆమెను ఎన్నడూ ఎవరూ తిన్నావా అని అడగలేదట. ఇక్కడ రోజుకు పదిమంది అడుగుతారు. పెట్టరు, అది వేరే సంగతి.

రెండు వందల పదహారో పేజీలో గండం వచ్చింది.

రాణి రాసిన రహస్యపు లేఖను మందారిక సొరంగంలోంచి బయటికి చేర్చి, తిరిగివస్తూ పట్టుబడింది. సూర్యోదయం వేళకు ఏనుగు చేత తొక్కించమన్నాడు రాజు. ఆమెను స్తంభానికి కట్టారు. తూర్పు ఎర్రబారింది. మావటి అంకుశం ఎత్తాడు. 'అంతలో' అని ఉంది. ఆ తర్వాత పేజీలు లేవు.

అమృతమ్మ పుస్తకాన్ని తిరగేసింది, దులిపింది, సంచుల వెనక వెతికింది. అవతల పుంటికూర తెంపుతున్న మందారిక చేతులు ఆగిపోయాయి. పుస్తకంలో జరిగింది జరిగినట్టు ఆమెకూ తెలిసిపోతుంది మరి.

"అమ్మా, నాకు మరణదండన విధించినారు కదా?"

"విధించిన్రు బిడ్డా."

"తరువాత?"

"అంతలో అని ఉన్నది."

"అంతలో ఏమైనది?"

"చినిగిపోయింది."

ఊరంతా ఆ ఒక్క మాట మీద పడింది. అంతలో ఎవరు వచ్చారు, ఏ దిక్కు నుంచి వచ్చారు, ఎందరు వచ్చారు అని చాయ్ హోటల్లో రెండు జట్లయ్యాయి. పత్తికి మందు కొట్టడం కూడా ఆలస్యమైంది.

"అంతలో అని రాసిన్రంటె గుర్రమే వస్తది," అంది అమృతమ్మ. "నేనెన్ని చదవలే!"

"అంతలో ఏనుగే అడుగేసిందేమో," అన్నాడు బుచ్చిరాములు. ఆ పూట ఆయన కంచంలో కూర పడలేదు.

దేవరాజు మాత్రం, "ఆ పిల్లను గీడనే ఉండనియ్యి వదినె, ఎవలకేం బాధ?" అన్నాడు. జీవితంలో ఆయన చెప్పిన మంచిమాట అదొక్కటే, అదీ ఎవరూ వినలేదు.

"సగం చదివిన పుస్తకం ఇంట్ల వెట్టుకొని నాకు ముద్ద దిగదు," అంది అమృతమ్మ. "పిల్ల బతికిందో లేదో తెల్వొద్దా?"

ఆ రోజు మొదలు రోజూ రెండింటికి భూపతికి ఫోను. పుస్తకాలు పదహారేసి పేజీల కట్టలుగా కుట్టుకొస్తాయని, ఆఖరి కట్ట ఊడిపోయి ఉంటుందని, గోదాములో ముప్పై సంచుల పాత కాగితాలున్నాయని ఆయన చెప్పాడు. "ముప్పై సంచులు దులుపు మరి," అని ఆమె చెప్పింది. వానాకాలం పోయింది, బతుకమ్మ పోయింది. భూపతి ఫోనెత్తడం మానేస్తే కొట్టు పక్కన కోళ్లమ్మే ఆయనకు చేసి పిలిపించింది. చివరికి కార్తీకంలో భూపతే చేశాడు.

"చెల్లె, నీ పేజీలు దొరికినయి."

ఆదివారం పొద్దున అమృతమ్మ, మందారిక ఇద్దరూ బస్సెక్కారు. కండక్టరమ్మ మందారికను ఆధార్ అడిగింది. లేదంటే, ఏ ఊరని అడిగింది. మందారిక తన రాజ్యం పేరు చెప్పింది.

"అది తెలంగాణలకు వస్తదా?"

"సరిహద్దు లడాయి ఇంకా తెగలే," అంది అమృతమ్మ. కండక్టరమ్మ ఇంకేమీ అడగకుండా టికెట్ కొట్టి ఇచ్చింది.

ఊరి పొలిమేర దాటాక మందారిక కిటికీలోంచి చూస్తూ అడిగింది. ఈ మధ్య ఆమె మాట సగం కోటది, సగం ఊరిది.

"అమ్మా, ఆ పేజీలు ఇయ్యాలనే చదువుతరా?"

"ఇంటికి పోంగనే. పదహారే గదా, ఎంతసేపు."

"అయితె రేపటికి శనగలు నానవెట్టాల్నా, వద్దా?"

అమృతమ్మ చేతిలోని టికెట్‌ను మడతలు పెట్టసాగింది. ఇన్నాళ్లూ పిల్ల కోసమే వెతుకుతున్నానని అందరికీ చెప్పింది, తనకూ చెప్పుకుంది. నోట్లో నీళ్లూరుతున్నది మాత్రం తనకే. గుర్రం వచ్చినా రాకున్నా, ఆఖరి పేజీ చదివితే పిల్ల పోతుంది. ఆ సంగతి ఆమెకు తెలియనిది కాదు. పుస్తకం ముందుంటే తెలిసినవి గుర్తుండవు, అంతే.

భూపతి కొట్టు పెట్టి నలభై ఏళ్లు. ఆ నలభై ఏళ్లలో ఎవరికీ చాయ్ తాగించలేదు. సొంత అల్లుడు వస్తే, ఇప్పుడే తాగొచ్చావు కదా అని ఆయనే చెప్పి పంపించాడు. అలాంటి మనిషి మందారికను చూడగానే లేచి నిలబడ్డాడు. స్టూలును తన తువ్వాలుతో తుడిచాడు. చాయ్ చెప్పాడు, ఉస్మానియా బిస్కెట్ తెప్పించాడు.

అమృతమ్మ ఆ బిస్కెట్ వైపు, తర్వాత భూపతి వైపు చూసింది.

"చదివినవా అన్నా?"

"చేతికి దొరికినంక చదవకుంట ఎట్లుంట?"

"చెప్పకు."

"చెప్ప."

"గుర్రమేమన్న..."

"చెప్పద్దంటివి గదనే." ఆయన ఆమె వైపు చూడలేదు. "ఇంకో బిస్కెట్ తింటవా బిడ్డా?" అన్నాడు మందారికతో.

భూపతి చేతి నుంచి రెండో బిస్కెట్! అంతలో వచ్చింది గుర్రం కాదని అమృతమ్మకు ఇంకెవరూ చెప్పనవసరం లేకపోయింది.

మందారిక బిస్కెట్ పట్టుకుని మెల్లగా అడిగింది. "అయ్యా, నాకేమైందో చెప్పకున్రి. మా రాణిగారి లేఖ చేరిందా? గదొక్కటి చెప్పున్రి."

"చేరింది బిడ్డా," అన్నాడు భూపతి. "సక్కగ చేరింది. కోట నిలవడ్డది."

ఆ పిల్ల కొంచెం ఏడ్చింది. ఏడ్చాక బిస్కెట్ చాయ్‌లో ముంచుకుని తింది.

భూపతి ఇచ్చిన పేజీల కట్ట అమృతమ్మ ఒళ్లో ఉంది. ఆమె బొటనవేలు తనంతట తానే అంచు కిందికి పోయింది. 217 అనే అంకె కనబడింది. దాని కింద మొదటి అక్షరం కనబడబోయింది. ఆమె చటుక్కున తలెత్తి కప్పు వైపు చూస్తూ, కట్టను చేత్తో గట్టిగా నొక్కిపట్టింది.

"అన్నా, దబ్బనం ఉన్నదా? సుతిలితాడు గూడ."

పాత పుస్తకాలు కుట్టే దబ్బనమే ఆయన ఇచ్చాడు. ఆమె కింద కూర్చుని, గోనెసంచి మూతి కుట్టినట్టు ఆ పదహారు పేజీలను నాలుగు వైపులా కుట్టింది. ఒక వరస కుట్టి, నమ్మకం చాలక దాని మీద ఇంకో వరస కుట్టింది.

"ఏందే చెల్లె, ఆఖరు లేని పుస్తకం ఉంటదా?"

"ఉంటది. నేను చదవకుంటె ఉంటది."

ఇంటికొచ్చి కట్టను పెట్టెలో వేసి తాళం పెట్టింది. ఆఖరు ఏమైందని ఊరు నెల రోజులు సతాయించింది. బుచ్చిరాములు తాళంచెవి సంపాదించి, కట్టను ఎండకు పెట్టి చూడబోయి దొరికిపోయాడు. భూపతికి ఆ ముగింపు కడుపులో అరగక గ్యాస్ గోళీలు వాడుతున్నాడని కబురొచ్చింది. ఆయన మాత్రం నోరు తెరవలేదు.

కష్టమంతా రెండింటికే. రెండయ్యేసరికి అమృతమ్మ చేతులకు దురద పుట్టేది. ఒకటి సగంలో ఉండగా ఇంకొకటి ముట్టకూడదు, ఈ ఒకటి ఎప్పటికీ సగంలోనే ఉంటుంది. ఆమె తోమిన గంజులే మళ్లీ తోమింది. బియ్యంలో లేని రాళ్లు ఏరింది. కిరాణా పొట్లాల కాగితాలు కూడా అక్షరాలు కనబడకుండా అటు తిప్పి పెట్టుకుంది. సంక్రాంతి సెలవులు ముగిసేసరికి మనిషి సగమైంది గాని పెట్టె తాళం తియ్యలేదు. ఈ లోపు పెద్దసారు మందారికను రెండో వంటామెగా రాశాడు. పుట్టినరోజు తెలియదంటే జనవరి ఒకటి అని వేశాడు. ఊళ్లో సగం మంది ఆ రోజే పుట్టారు కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు.

మాఘంలో ఒక రోజు రెండింటికి మందారిక ఆమె ఒళ్లో ఒక పుస్తకం పెట్టింది. తనే బస్సెక్కి పోయి తెచ్చిందట.

"చదువు అమ్మా."

"ఒకటి సగంల ఉన్నది గదనే."

"సగంల ఎక్కడున్నది? అయిపోయింది. గీడనే అయిపోయింది," అంది మందారిక, వంటగది నేల మీద చెయ్యి ఆనించి చూపిస్తూ.

అమృతమ్మ అట్ట నిమిరింది. తర్వాత సంచుల మీదికి వాలి తెరిచింది. మొదటి పేజీలో వాన పడుతోంది. అడవిలో సత్రం, దీపం లేదు, గాయపడిన దూత ఒకడు గుర్రం దిగి తలుపు కొడుతున్నాడు. ఆమె కాలివేళ్లు మెల్లగా ముడుచుకున్నాయి.

బయట గేటు ఎవరో దబదబా బాదారు.

అమృతమ్మ లేవబోయింది. మందారిక ఆమె భుజం మీద చెయ్యి వేసి ఆపింది.

"నువ్వు చదువు. నేను జూస్త," అని, గిన్నెలో ఇంత అన్నం పెట్టుకుని గేటు వైపు నడిచింది.