అడిగితే చెప్పిన ధర

రెండు మరలు పెదవుల మధ్య బిగబట్టుకుని, మూడోదాని కోసం మిషను కింద వేళ్ళతో తడుముతున్నాడు సూదిపిట్ట బాబాయి. అసలు పేరు ఆయనకు గుర్తు రావాలంటే ఏ దరఖాస్తో నింపాలి. సూదిపిట్ట అనేది కుట్టుమిషన్ల కంపెనీ. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ ఒక్క రకం మిషన్లే బాగుచేస్తున్నాడు కాబట్టి కంపెనీ పేరే ఆయన పేరైపోయింది. భార్యను కూడా వీధిలో సూదిపిట్ట పిన్ని అనే అంటారు.

“మళ్ళీ దారం తెంపిందంటే దీన్ని పాత ఇనుముకి వేసేస్తాను బాబాయ్,” అంది టైలరమ్మ.

“అది నీకంటే నాలుగేళ్ళు పెద్దది. కాస్త మర్యాదగా మాట్లాడు.”

ఆమె పకపకా నవ్వింది. ఆయన నవ్వలేదు. మామూలు రోజైతే ఇంకో రెండు విసుర్లు విసిరేవాడే. ఇవాళ ఒళ్ళు మండిపోతోంది. సాయంత్రం ఐదులోగా కంపెనీ ఆఫీసుకి వెళ్ళి తన వెబ్‌సైటు పేరు వాళ్ళకి రాసిచ్చేయాలి. లేదంటే కేసు.

ఆ వెబ్‌సైటు నాలుగేళ్ళ కిందట కూతురు పెట్టింది. ఒకప్పుడు వీధికి పది మిషన్లుండేవి. సైకిలు మీద అటోసారి ఇటోసారి తిరిగితే చాలు, ఎవరో ఒకరు కేకేసి పిలిచేవాళ్ళు. ఇప్పుడు ఏ మిషను ఏ అపార్ట్‌మెంటులో ఏ మంచం కింద పడి ఉందో ఎవరికి తెలుసు? వాళ్ళే ఫోన్లో వెతుక్కుని పిలవాలి. “నిన్నందరూ ఏమని పిలుస్తారో అదే పెట్టేద్దాం నాన్నా,” అంది కూతురు. ‘సూదిపిట్ట రిపేర్’ అన్న పేరు ఖాళీగా కనిపిస్తే తన పేరు మీదే కొనేసింది. చూడ్డానికి బాగుంటుందని, ముక్కున సూది పట్టుకున్న కంపెనీ పిట్టబొమ్మను కూడా పైన అతికించింది. అది తప్పని తండ్రికీ తెలియదు, కూతురికీ తెలియదు. రోజుకి రెండు మూడు పిలుపులొచ్చేవి. ఇల్లు వాటి మీదే నడిచింది.

రెండు నెలల కిందట ఎవరో మెయిల్ పెట్టారు. ఎంత ముద్దుగా రాశారో! మీ వెబ్‌సైటు పేరు మాకు నచ్చింది, అమ్ముతారా, ఎంత కావాలి అని. బాబాయికి ఒక అలవాటుంది. ఎంత అని అడిగిన మనిషిని అంకె చెప్పకుండా పంపడు. ఈ పనిలో ఉన్న మేస్త్రీలందరూ అంతే. అడగ్గానే ధర చెప్పకుండా నీళ్ళు నమిలితే పని రానివాడనుకుంటారు. అమ్మే ఉద్దేశం ఇసుమంతైనా లేదు. అయినా నవ్వుకుంటూ, బజారులో ఓ దుకాణం కొనడానికి సరిపోయేంత అంకె కూతురిచేత రాయించాడు. వారం తిరక్కుండా లాయరు నోటీసు వచ్చింది. మెయిల్ పెట్టింది కంపెనీ మనిషేనట.

మరలు బిగించి, చేతులు తుడుచుకుని సైకిలెక్కాడు. దారిపొడవునా పళ్ళు కొరుకుతూనే ఉన్నాడు.

కంపెనీ లాయరుకి ఆయన కూతురి వయసుంటుంది. కుర్చీ చూపించింది, మంచినీళ్ళిప్పించింది. ఆ మర్యాద చూసి ఆయనకు ఇంకా మండింది.

“మీ మిషన్లే బాగుచేస్తాను, మీ పేరే పెట్టుకున్నాను. ఇంకేం పేరు పెట్టుకోమంటారు?”

“బాగుచేస్తానని చెప్పుకోవడం తప్పు కాదండీ. ఇది కంపెనీది కాదు, నా సొంత పని అని పైన ఒక్క ముక్క రాసుంటే వాదించుకోడానికి మీకు కొంత చోటుండేది. మీరు మా బొమ్మ పెట్టారు. చూసినవాళ్ళు మాదే అనుకుంటారు. పైగా ఇదొకటి.” ఒక కాగితం ఆయనవైపు తిప్పింది. ఆయన చెప్పిన అంకె కింద ఎర్రగీత ఉంది. “మా పేరు మాకే అమ్మి సొమ్ము చేసుకోడానికి కొన్నారని దీని అర్థం.”

“నేనడగలేదమ్మా! మీరడిగారు, నేను చెప్పాను!”

“అమ్మనని రాయొచ్చు కదండీ.”

అరికాలి మంట నెత్తికెక్కింది. కొనేవాడిలా వేషం కట్టి ఆ మెయిల్ రాసినవాడెవడో ఎదురుగా ఉంటే గొంతు పట్టుకునేవాడు. అంతకంటే ముందు తన నోటి మీదే నాలుగు తగిలించుకోవాలనిపించింది.

“పదిహేనేళ్ళ కిందట నేను బాగుచేసే మోడలు తయారుచేయడం మానేశారు. స్ప్రింగులు పంపండి మహాప్రభో అని ఎన్ని ఉత్తరాలు రాశాను! ఒక్కదానికైనా జవాబిచ్చారా? లేతుషాపులో పడిగాపులు పడి నేనే చేయించుకున్నాను. మీ పిట్ట ఇంకా బతికుందంటే ఎవరి చలవ?”

ఆమె కళ్ళు దించుకుంది. “నిజమే అయ్యుండొచ్చండీ. ఆ మాట రాయడానికి ఇందులో గడి లేదు.”

కేసు నడిస్తే నష్టపరిహారం కట్టాలి. పేరు కొన్నది కూతురు కాబట్టి కేసు ఆ పిల్ల మీదే పడుతుంది. ఆ మాట విన్నాక బాబాయి కలం అందుకున్నాడు. వెబ్‌సైటు పేరు కూతురిచేత కంపెనీకి మార్పిస్తాననీ, ఇకమీద ఆ పేరు గానీ, ఆ బొమ్మ గానీ వాడననీ రాసిన మూడు కాగితాల మీద సంతకం పెట్టాడు. కలం కాగితాన్ని చింపేంత గట్టిగా పెట్టాడు.

కాపీలు వచ్చేదాకా కింద షోరూములో కూర్చోమన్నారు. అక్కడ తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద కంపెనీ మొట్టమొదటి మోడలు మిషను తళతళలాడుతోంది. చక్రం తిప్పి చూశాడు. కదల్లేదు. ఆయన కోపంలో ఉన్నాడని చేతులకేం తెలుసు, అవి పనిలో దిగిపోయాయి. జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి, పలక జరిపి, కింది దారాన్ని తిప్పే షటిల్ ఊడదీసి గుడ్డ మీద పెట్టాడు. లోపల నూనె గడ్డకట్టి జిగురైపోయింది. అరగంట పని, అంతే.

“అయ్యో, మీకిది వచ్చా?” షోరూము మేనేజరు పరుగున వచ్చాడు. “తెచ్చిపెట్టిన రోజునుంచీ తిరగట్లేదండీ. రేపు ఛైర్మన్ గారొచ్చి స్వయంగా తిప్పుతారట. ఇది తెలిసిన మనిషి మా కంపెనీలో ఒక్కడూ లేడు. ఎంత తీసుకుంటారు?”

బాబాయి నోరు తెరిచాడు. అంకె నాలుక చివరిదాకా వచ్చింది. మేనేజరుని ఎగాదిగా చూసి, ముప్పై ఒక్క ఏళ్ళలో మొదటిసారి దాన్ని మింగేశాడు. స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని, కాపీల కోసం కూడా ఆగకుండా బయటికి నడిచాడు.

“ఏమండీ, ఎంతో చెప్పండి! ఎంతైనా ఇస్తాం!”

మేనేజరు గుమ్మందాకా వచ్చేసరికి సైకిలు మలుపు తిరిగిపోయింది.

బల్ల మీద షటిల్ ఊడదీసినచోటే ఉంది. దాని కింద నల్లటి నూనె తెల్లగుడ్డలోకి మెల్లగా ఇంకుతోంది.