హాజరు పట్టీ వరస

బుధవారం మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు లెక్కల టీచరు గణిత పోటీకి ఆరుగురు పదో తరగతి పిల్లల పేర్లు ఆన్‌లైన్‌లో పంపింది. పన్నెండు నిమిషాల తర్వాత పోటీ కార్యాలయం నుంచి రసీదు వచ్చింది. మొదటి ఐదు పేర్ల ఎదుట ‘జట్టు’ అని, ఆరో పేరు ఎదుట ‘రిజర్వు’ అని ఉంది. ఆరో పేరు ఎంపిక పరీక్షలో మొదట వచ్చిన అమ్మాయిది.

ఆ పరీక్ష పెట్టింది టీచరే. అమ్మాయికి యాభైకి నలభై ఏడు వచ్చాయి. లెక్కలన్నీ నేరుగా పెన్నుతో చేస్తుందని స్టాఫ్‌రూమ్‌లో ఆమెను పెన్ను పిల్ల అంటారు. టర్ము మధ్యలో చేరింది కాబట్టి హాజరు పట్టీలో చిట్టచివరి నంబరు, నలభై మూడు.

టీచరు పద్దెనిమిదేళ్లుగా ఏ జాబితా రాసినా హాజరు పట్టీ వరసలోనే రాస్తుంది. ఇదీ అలాగే రాసింది. పేర్లు మార్కుల వరసలో ఇవ్వాలన్న నిబంధన ఫారం రెండో పేజీలో ఉంది. ఆమె రెండో పేజీ చదవలేదు.

ఆరుగురిలో అందరికన్నా తక్కువ, ముప్పై ఎనిమిది, వచ్చింది నంబరు ఏడుకి. నంబరు ఏడు టీచరు కూతురు. ఆమె జట్టులో ఉంది.

రసీదు చూసి సైన్సు మాస్టారు కళ్లజోడు పైకి నెట్టుకున్నాడు.

“మీరు పట్టీ చూసి రాశారని నాకు తెలుసు మేడమ్. బయటివాళ్లకి ఎవరు చెప్తారు?”

“బయటివాళ్ల సంగతి తర్వాత మాస్టారూ. ముందు ఆ పిల్ల సంగతి చూడాలి.”

పోటీ కార్యాలయంలో నాలుగోసారికి గుమాస్తా ఫోన్ ఎత్తాడు.

“వరస మార్చడం కుదరదమ్మా.”

“తప్పు నాదండీ. పిల్లలది కాదు.”

“ఎవరిదైనా కంప్యూటర్‌కి ఒకటే. జట్టులో ఒకరు తప్పుకుంటే రిజర్వు పైకి వస్తారు. దానికో ఫారం ఉంది. విద్యార్థి సంతకం, తల్లో తండ్రో ఒకరి సంతకం, టీచరు సంతకం. రేపు అయిదింటిలోపు పంపండి.”

“తప్పుకున్నవాళ్లని రిజర్వులో పెట్టచ్చా?”

“తప్పుకుంటే తప్పుకున్నట్టేనమ్మా.”

బడి వదిలాక టీచరు పెన్ను పిల్లను ఆపి జరిగింది చెప్పింది.

“రిజర్వంటే ఏం చెయ్యాలి మేడమ్?”

“హాలు బయట కూర్చోవాలి. ఎవరైనా రాకపోతే రాయాలి.”

“అందరూ వస్తారుగా.”

“వస్తారు.”

“మళ్లీ ఏడాది?”

“పదో తరగతి దాటాక ఈ పోటీ లేదమ్మా.”

అమ్మాయి తల ఊపి బస్సుకు వెళ్లింది.

సాయంత్రం ఆరున్నరకు టీచరు వంటింటి బల్ల మీద ఫారం పెట్టింది. జరిగింది మొత్తం కూతురికి చెప్పింది. కూతురు ఫారం రెండు పేజీలూ చదివింది.

“ఆరుగురూ వెళ్తారన్నారు. బయట ఎవరు కూర్చుంటారో చెప్పలేదు మేడమ్.”

“ఇంట్లో మేడమ్ ఏంటే?”

“ఇది బడి పనేగా. అమ్మగా అడుగుతున్నావా, మేడమ్‌గా అడుగుతున్నావా?”

“రెండు సంతకాలూ నావే. ఇద్దరం అడుగుతున్నాం.”

“ముప్పై తొమ్మిది వచ్చినవాడు దర్జాగా వెళ్తాడు. వాడికీ నాకూ ఒక్క మార్కు తేడా. అది కోసింది నువ్వే.”

“ఆఖరి స్టెప్పు రాయలేదు నువ్వు.”

“జవాబు కరెక్టేగా!”

“కరెక్టే. స్టెప్పు లేదు.”

“వేరేవాళ్లకైతే వేసేదానివి.”

టీచరు లోపలికి వెళ్లి ఆరు జవాబు పత్రాలూ తెచ్చి బల్ల మీద పెట్టింది. కూతురు అన్నింట్లోనూ ఆ లెక్కే తీసి చూసింది. ఇంకో ఇద్దరు ఆఖరి స్టెప్పు రాయలేదు. ఇద్దరికీ ఒక్కో మార్కు పోయింది. పెన్ను పిల్ల పత్రం దగ్గర ఆమె ఆగింది.

“ఇది మూడు లైన్లలో చేసేసింది. నాకు పేజీన్నర పట్టింది.”

టీచరు పత్రాలు సర్ది పక్కన పెట్టింది.

“నేను సంతకం పెట్టకపోతే?”

“బలవంతం లేదు. జట్టులో నువ్వే వెళ్తావు. రేపు అసెంబ్లీలో తప్పు నాదని చెప్తాను. నువ్వు పెట్టినా, పెట్టకపోయినా చెప్తాను.”

“అయితే పరువు పోయినట్టే.”

“పోతే నాది.”

“ఇద్దరి ఇంటిపేరూ ఒకటేగా అమ్మా.”

కూతురు ఫారం తీసుకుని తన గదిలోకి వెళ్లింది.

గురువారం ఉదయం అసెంబ్లీలో టీచరు అన్న మాట ప్రకారం చెప్పింది. రెండు నిమిషాలు పట్టింది. పదిన్నరకు కూతురు స్టాఫ్‌రూమ్ తలుపు తట్టింది.

“లోపలికి రావచ్చా మేడమ్?”

ఫారం మీద ఆమె సంతకం ఉంది. కారణం అన్న చోట ‘అనారోగ్యం’ అన్న గడిలో టిక్కు ఉంది.

“నీకు జ్వరం లేదుగా.”

“నిన్ను చూస్తుంటే వచ్చేలా ఉంది. ఉండనియ్యి మేడమ్. నీ పేరు బయటికి రాదు.”

టీచరు ఆ టిక్కు మీద అడ్డగీత గీసి, ‘ఇతర కారణాలు’ కింద ‘పేర్ల వరసలో టీచరు చేసిన తప్పు’ అని రాసింది. తల్లి గడిలో ఒకటి, టీచరు గడిలో ఒకటి సంతకం చేసింది. కూతురు రెండు సంతకాలూ అయ్యేదాకా నిలబడి, గంట కొట్టగానే క్లాసుకు వెళ్లింది.

ఫారం పదకొండు ఇరవైకి వెళ్లింది. మార్పు అంగీకరించినట్టు సాయంత్రం నాలుగు ముప్పై ఎనిమిదికి జవాబు వచ్చింది. జట్టులో పెన్ను పిల్ల పేరు ఉంది. రిజర్వు ఎవరూ లేరు.

శనివారం ఉదయం తొమ్మిది నలభైకి ఐదుగురూ సంతకాలు చేసి పరీక్ష హాల్లోకి వెళ్లారు.